గొడవయ్యాక మొదటి ఫోన్ ఎవరికి చేశారు?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. పెళ్లయి నాలుగేళ్లు, రెండేళ్ల పాప, ఇద్దరికీ హైదరాబాద్‌లో ఉద్యోగాలు. వారమంతా బాగానే గడుస్తుంది, శనివారం వచ్చేసరికి ఏదో ఒకదాని మీద గొడవ. మీరు గట్టిగా అడుగుతారు, ఆయన నోరు మూసుకుని ఇంకో గదిలోకి వెళ్లిపోతారు. రెండు రోజులు, ఒక్కోసారి నాలుగు రోజులు మాటలుండవు. మీరు అమ్మకి ఫోన్ చేసి ఏడుస్తారు. ఇప్పుడు రెండువైపుల పెద్దలూ కూర్చుని మాట్లాడదాం అంటున్నారు. కూర్చోవాలా వద్దా, ఇది విడాకుల దాకా వెళ్తుందా అని అడిగారు.

నేను 12 ఏళ్లు లాయరుగా, ఆ తర్వాత 17 ఏళ్లు కుటుంబ న్యాయస్థానంలో కౌన్సెలర్‌గా పనిచేసి రిటైరయ్యాను. నా ముందు కూర్చున్న జంటల్ని గొడవ దేని మీద అని నేనెప్పుడూ ముందు అడగలేదు. అది వాళ్లే చెప్తారు, ఆపమన్నా ఆపరు. "గొడవయ్యాక మొదటి ఫోన్ ఎవరికి చేశారు?" అని అడిగేదాన్ని. ఆ జవాబు వింటే ఆ కేసు ఎన్ని వాయిదాలు నడుస్తుందో సగం తెలిసిపోయేది.

ఒక జంట సంగతి చెప్తాను, ఆనవాళ్లు మార్చి. శుక్రవారం సాయంత్రం ఫ్రిజ్ దగ్గర మొదలైంది. భార్యకి చెప్పకుండా అతను వాయిదాల మీద బుక్ చేశాడు. మాటా మాటా పెరిగి, "మీ నాన్న ఇస్తానన్న ఫ్రిజ్ ఇచ్చుంటే నాకీ ఖర్మ ఉండేది కాదు" అనేశాడు. అమ్మాయి బాల్కనీలోకి వెళ్లి వాళ్లమ్మకి ఫోన్ చేసింది. అబ్బాయి కింద పార్కింగ్‌లో నిలబడి వాళ్లక్కకి చేశాడు. తొమ్మిదింటికి ఇద్దరికీ ఆకలేసింది. అతను వెళ్లి బిర్యానీ తెచ్చాడు, ఆమె ఉల్లిపాయలు తరిగింది, టీవీ ముందు కూర్చుని తిన్నారు, పడుకున్నారు. వాళ్ల మటుకు గొడవ అక్కడితో అయిపోయింది.

తెల్లారి ఐదున్నరకి కాలింగ్ బెల్. తలుపు తీస్తే అమ్మాయి నాన్న, మేనమామ. ఒంగోలులో రాత్రి బస్సెక్కి మియాపూర్‌లో దిగి ఆటోలో వచ్చారు. ఇద్దరికీ నిద్రలేదు, కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. అల్లుడు లుంగీ సర్దుకుంటూ "రండి మావయ్యా, కాఫీ తాగుతారా" అన్నాడు. ఆ కాఫీ మాటే వాళ్లకి పుండు మీద కారం అయింది. "మా పిల్లని ఏడిపించి కాఫీ పోస్తావా?" అన్నాడు మేనమామ. పదకొండింటికి అబ్బాయి అక్కా బావా దిగారు. ఆ ఫ్రిజ్ నా గదికి వచ్చేసరికి ఏడు నెలల కేసు. అమ్మాయి నాతో ఒక మాట అంది: "మేడమ్, మేమిద్దరం ఆ రాత్రే మర్చిపోయాం. మా నాన్నే మర్చిపోలేదు." వాళ్లు కలిశారు, ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఆ మేనమామ మాత్రం ఈ రోజుకీ ఆ ఇంట్లో కాఫీ ముట్టడట.

మీ అమ్మగారిని నేను తప్పుపట్టడం లేదు. కూతురు ఏడుస్తుంటే ఏ తల్లికి నిద్ర పడుతుంది? చిక్కెక్కడంటే, శనివారం గొడవ మీరు ఆవిడకి చెప్తారు. ఆదివారం రాత్రి పాపకి జ్వరమొస్తే ఆయన రెండింటిదాకా భుజం మీద వేసుకుని తిరిగిన సంగతి చెప్పరు. చెప్పాలని తోచదు కూడా. అలా నాలుగేళ్లయ్యేసరికి ఆవిడ దగ్గరున్న ఖాతాలో మీ ఆయన పేరు మీద అన్నీ బాకీలే, ఒక్క జమా ఉండదు. అటువైపు అత్తగారి దగ్గర మీ ఖాతా కూడా అంతే. ఇప్పుడు కూర్చుందాం అంటున్న పెద్దలు ఆ రెండు పుస్తకాలూ చంకన పెట్టుకునే వస్తారు.

అలాగని ఎవరికీ ఏమీ చెప్పొద్దు అనను. ఇంటి గుట్టు బయటపెట్టకూడదన్న మాట అడ్డం పెట్టి ఎంతమంది ఆడపిల్లల నోళ్లు నొక్కారో నాకు తెలుసు. అందుకే ఇది ఇక్కడే చెప్పేస్తున్నా. చెయ్యి చేసుకోవడం, వస్తువులు విసరడం, జీతం లాక్కోవడం, ఫోన్ లాక్కుని ఎవరితోనూ మాట్లాడనివ్వకపోవడం, డబ్బు తెమ్మని సతాయించడం, వీటిని నేను మొగుడూ పెళ్లాల గొడవ కింద లెక్కెయ్యను. అవి గృహహింస. దానికి 2005 చట్టం ఉంది, 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది, ప్రాణం మీదికొస్తే 112 ఉంది, బాధలో ఉన్న ఆడవాళ్లకి ఒకేచోట సాయం చేసే సఖి కేంద్రాలున్నాయి. అక్కడ కౌన్సెలింగ్ కన్నా ముందు రక్షణ చూసుకోవాలి, ఎవరికి వీలైతే వాళ్లకి చెప్పాలి. మీరు రాసినదాంట్లో అలాంటిదేమీ కనపడలేదు కాబట్టే మిగతాది రాస్తున్నాను. ఉండి రాయలేదంటే ఇక్కడితో చదవడం ఆపి 181కి చెయ్యండి.

మామూలు గొడవైతే చెప్పుకోవడానికి ఒక్క మనిషి చాలు. మీరు గెలిచినా ఆయన గెలిచినా తనకి ఒరిగేదేమీ లేని మనిషి. చదువుకున్నప్పటి స్నేహితురాలో, ఆఫీసులో పెద్దావిడో. తల్లీ, అక్కా, అన్నా ఆ కోవలోకి రారు.

ఇక ఆయన మౌనం. మీకది లెక్కలేనితనంలా కనపడుతోంది. కావచ్చు కూడా. కానీ నా గదిలో ఇలాంటి మగవాళ్లని విడిగా కూర్చోబెట్టి అడిగితే ఎక్కువమంది చెప్పింది ఒకటే: "నోరు తెరిస్తే ఇంకా పెద్దదవుతుందని మేడమ్." అమెరికాలో సియాటెల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో జాన్ గాట్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి దంపతుల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో కొలిచే పరికరాలు తగిలించి, గొడవపడమని చూశాడు. గుండె నిమిషానికి 100 దాటి కొట్టుకుంటుంటే ఎదుటి మాట తలకెక్కదని, అప్పుడు గోడలా బిగుసుకుపోయేది ఎక్కువగా మగవాళ్లేనని తేల్చాడు. ఆ దడ తగ్గడానికి కనీసం 20 నిమిషాలు కావాలంటాడు. అదీ "అసలు నన్నెంత మాట అంది" అని తలుచుకుంటూ కూర్చోకపోతేనే.

20 నిమిషాలకి నాలుగు రోజులకి ఎంత తేడా ఉందో చూడండి. లేచి వెళ్లడం తప్పు కాదు, ఎప్పుడొస్తాడో చెప్పకుండా వెళ్లడం తప్పు. నేను జంటలతో ఒప్పించుకునే షరతు చిన్నది: లేచి వెళ్లేవాళ్లు టైము చెప్పి వెళ్లాలి, ఆ టైముకి వాళ్లే వచ్చి మళ్లీ ఆ మాట ఎత్తాలి. "ఇప్పుడు నావల్ల కాదు, పాప పడుకున్నాక తొమ్మిదింటికి మాట్లాడదాం." అంతే. మీ వైపు నుంచి షరతు ఇంకోటి: ఆయన వెనకాలే గది దాకా వెళ్లి తలుపు దగ్గర నిలబడి మిగతా సగం చెప్పకూడదు. వాట్సాప్‌లో అస్సలు చెప్పకూడదు. కోపంలో కొట్టిన మెసేజీలు స్క్రీన్‌షాట్లయి, ప్రింట్లయి, మీద నంబరు వేసుకుని కోర్టు ఫైల్లో కూర్చోవడం నేను కళ్లారా చూశాను. నోటి మాటనైనా కాలం కొంత చెరిపేస్తుంది.

మౌనం గురించి నీతులు చెప్పే అర్హత నాకూ పెద్దగా లేదు. 1997లో మావారు నాతో ఒక్క మాటైనా అనకుండా, చీటీ పాడిన 12 వేలు మా మరిదికి ఇచ్చేశారు. స్కూటర్ కోసం రెండేళ్లు కట్టిన చీటీ. నేను 11 రోజులు ఆయనతో మాట్లాడలేదు. మా వాడికి అప్పుడు ఐదేళ్లు. "మీ నాన్నని అన్నానికి రమ్మను", "గ్యాస్ అయిపోయిందని మీ నాన్నకి చెప్పు", అంతా వాడి ద్వారానే. ఈయన కూడా అంతే, "మీ అమ్మని అడుగు చొక్కా ఎక్కడ పెట్టిందో." పదకొండో రోజు సాయంత్రం వాడు వంటింట్లోకి వచ్చి "నాన్న నిన్ను డాబా మీదకి రమ్మంటున్నాడు" అన్నాడు. చేతులు తుడుచుకుని వెళ్లాను. ఆయన డాబా మీద మంచం వాల్చుకుని కూర్చున్నారు. "ఏంటి, రమ్మన్నారట" అన్నాను. "నేనెక్కడ రమ్మన్నాను? నువ్వు వస్తున్నావు, ఇక్కడే ఉండమన్నావని వాడే చెప్పాడు" అన్నారు. ఇద్దరం మెట్ల వైపు చూశాం. వాడు చివరి మెట్టు మీద కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నాడు.

మీ పాపకి ఇప్పుడు రెండేళ్లు. ఇంకో రెండేళ్లకి తనూ వార్తాహరి అవుతుంది.

ఇప్పుడు శనివారం దగ్గరకి వద్దాం. గొడవలన్నీ శనివారమే ఎందుకొస్తున్నాయో ఎప్పుడైనా ఆలోచించారా? వారమంతా ఇద్దరికీ తీరిక లేదు, దాచిపెట్టిందంతా ఆ రోజు బయటికొస్తుంది. వారం బట్టలు, సరుకులు, పనమ్మాయి నాగా, అన్నీ ఆ రోజే. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు దానిమీద రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. తడి తువ్వాలు మంచం మీద పడేశారని మీరు అరిచినప్పుడు నిజానికి ఆ 200 నిమిషాల గురించి అరుస్తున్నారేమో చూసుకోండి. ఎందుకంటే ఆయనకి తువ్వాలు మాత్రమే వినిపిస్తుంది. "తువ్వాలుకి ఇంత రాద్ధాంతమా" అనుకుని గదిలోకి వెళ్లిపోతారు.

గడిచిన ఐదారు శనివారాల గొడవలు గుర్తు తెచ్చుకుని ఒక కాగితం మీద రాయండి. ఆరు వేర్వేరు గొడవలుండవు. రెండో మూడో ఉంటాయి, అవే చీర మార్చుకుని వస్తుంటాయి. మా దగ్గరకొచ్చే జంటల్లో ఎక్కువగా అవి మూడు: పుట్టింటికి, అత్తింటికి వెళ్లే డబ్బు, పండక్కి ఎవరింటికి, పిల్లనెవరు చూడాలి. ఇందాక చెప్పిన గాట్‌మన్ లెక్కలో దంపతుల తగాదాల్లో 69 శాతం ఎప్పటికీ తీరనివే. వినడానికి భయంగా ఉంది గానీ నాకు ఇది చాలా ఊరటనిచ్చిన అంకె. మా మరిది ఆ 12 వేలలో ఆరు వేలు 2003లో ఇచ్చాడు. మిగతా ఆరు వేల గురించి మేం ఇప్పటికీ సంక్రాంతికి ఒకసారి వాదించుకుంటాం. తమ్ముడికి ఇవ్వడం తప్పెలా అవుతుందని ఆయన, చెప్పకుండా ఇవ్వడం తప్పని నేను. తీరలేదు. కాకపోతే ఆ తర్వాత అడక్కుండా ఎవరికీ ఇవ్వలేదు, నేనూ ఇవ్వలేదు.

డబ్బు విషయంలో నేను చూసినంతవరకు మనసు విరిగేది అంకె దగ్గర కాదు. ఒకమ్మాయి నాతో అంది: "వాళ్ల నాన్నకి 40 వేలు పంపాడని నాకు బాధ లేదు మేడమ్, బ్యాంకు మెసేజ్ చూసి తెలుసుకోవాల్సి వచ్చింది." వాళ్లిద్దరూ చివరికి చేసుకున్న ఏర్పాటు మీకూ పనికొస్తుందేమో చూడండి. రెండిళ్లకీ నెలకి ఇంత అని ముందే అనుకున్నారు, ఒకే తేదీన వెళ్తుంది. ఐదు వేలు దాటిన ఖర్చు ఏదైనా సరే ముందు రెండోవాళ్ల చెవిన వెయ్యాలి. ఇద్దరికీ చెరో కొంత, దేనికి ఖర్చుపెట్టావని రెండోవాళ్లు అడగకూడని డబ్బు. ఆ అడగని డబ్బుతో అతను క్రికెట్ బ్యాటు కొన్నాడట, ఆమె కళ్లు పెద్దవి చేసింది గానీ నోరెత్తలేదట. సంక్రాంతి ఒక ఏడు అటు, ఒక ఏడు ఇటు. దసరా దానికి తిరగేసి.

ఇలాంటివి మాట్లాడేటప్పుడు నోట్లోంచి రెండు మాటలు రాకుండా చూసుకోవాలి. ఒకటి "ఎప్పుడూ". "మీరెప్పుడూ ఇంతే" అన్నాక ఎదుటి మనిషి మీరు చెప్పేది వినడు, ఇంతే కాని రోజుని గుర్తు తెచ్చుకునే పనిలో పడతాడు. రెండోది "మీ వాళ్లు". గొడవ ఇద్దరి మధ్య ఉన్నంతవరకు రెండు కుర్చీలు చాలు. "మీ వాళ్లు" అనగానే గదిలోకి పదిమంది వచ్చి కూర్చుంటారు, చనిపోయిన తాతయ్యతో సహా. ఫ్రిజ్ కథలో అతను "మీ నాన్న" అని నోరు జారింది ఇలాంటి మాటే.

విడాకుల దాకా వెళ్తుందా అన్నారు. జంటలు నా ముందు కేకలేసుకుంటుంటే నేను కంగారు పడేదాన్ని కాదు. ఒకరు ఏడుస్తూ చెప్తుంటే రెండోవాళ్లు కిటికీలోకి చూస్తూ మూతి విరిచినప్పుడు, వాళ్ల గొంతుని అనుకరించి వెక్కిరించినప్పుడు భయం వేసేది. గాట్‌మన్ కూడా అన్నిటికన్నా చెడ్డదని చెప్పింది ఆ చులకననే. ఇంకో జంట, ఇద్దరికీ యాభై దాటాయి, గంటసేపు ఒకర్నొకరు దుమ్మెత్తిపోసుకున్నారు. మధ్యలో ఆవిడ తిట్టడం ఆపకుండానే బ్యాగులోంచి బీపీ మాత్ర తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన మంచినీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టాడు. ఆ ఫైలు నేను పక్కన పెట్టేశాను, విడిపోరని. విడిపోలేదు. మీ ఇంట్లో మూతి విరుపులున్నాయా, బీపీ మాత్రలున్నాయా అన్నది మీకే తెలియాలి.

చట్టం సంగతి అడగలేదు గానీ బంధువుల్లో ఎవరో ఒకరు తెలిసీ తెలియక చెప్తారు కాబట్టి నాలుగు ముక్కలు. హిందూ వివాహ చట్టం కింద ఇద్దరూ ఒప్పుకుని విడిపోవాలన్నా ఏడాది విడిగా ఉండి ఉండాలి, పిటిషన్ వేశాక మళ్లీ ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలలు అవసరమైతే కోర్టు మాఫీ చేయొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. ఏ కేసైనా ముందు రాజీకి ప్రయత్నించాలని 1984 కుటుంబ న్యాయస్థానాల చట్టమే చెప్తోంది, మా ఉద్యోగాలు అలా పుట్టినవే. ఇంకొందరు "కాపురానికి రమ్మని కేసు వేద్దాం" అంటారు. అదే హిందూ వివాహ చట్టంలోని సెక్షన్ 9. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1983లో ఆ సెక్షన్నే కొట్టేసింది, మరుసటి ఏడాది సుప్రీంకోర్టు వేరే కేసులో అది చెల్లుతుందంది. డిక్రీ వచ్చినా ఆస్తి జప్తు దాకా వెళ్లగలరు గానీ, మనిషిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఇంట్లో దింపే అధికారం ఎవరికీ లేదు.

అందుకే పెద్దల కూర్చోబెట్టడం గురించి నా అభిప్రాయం: ఇప్పుడే వద్దు. ఇంతవరకు మీరిద్దరూ ఒక్కసారి కూడా నిమ్మళంగా కూర్చోలేదు. ముందు అది జరగాలి. జరిగి, రెండు మూడు నెలలైనా ఏమీ కదలకపోతే అప్పుడు కూర్చోండి. అటొకరు, ఇటొకరు, అంతకుమించి వద్దు. మీరిద్దరూ మాట్లాడాకే వాళ్లు మాట్లాడాలి. పెళ్లినాటి లాంఛనాలు, ఆడపడుచు కట్నం, ఎవరికి మర్యాద తగ్గింది, ఇవి ఎత్తితే లేచి వచ్చేయండి. ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. పెద్దమనుషుల ముందు బాండు పేపరు మీద రాసుకున్న విడాకులు, కులాచారం ఉందని కోర్టులో రుజువైతే తప్ప, చెల్లవు. అలాంటి కాగితం నమ్మి మళ్లీ పెళ్లి చేసుకుని చిక్కుల్లో పడ్డవాళ్లని చూశాను. పెద్దల దగ్గర మందు ఒకటే ఉంటుంది, "సర్దుకుపో అమ్మా." ఎంత సర్దుకోవాలో, ఆయనెంత సర్దుకుంటాడో ఆ చీటీలో రాసి ఉండదు. వాళ్లకన్నా శిక్షణ ఉన్న కౌన్సెలర్ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లడం మేలు. ఆయన రానంటే మీరొక్కరే వెళ్లినా నష్టం లేదు.

ఈ శనివారానికి ఒకటే పని పెట్టుకోండి. పొద్దున్నే వద్దు, బట్టల మధ్య వద్దు. పాప మధ్యాహ్నం పడుకున్నాక టీ పెట్టుకుని, ఆ కాగితం మీదున్న వాటిలో అన్నిటికన్నా చిన్నది ఎత్తండి. అరగంట, ఫోన్లు ఇంకో గదిలో. ఆయనకి ముందు రోజే చెప్పండి, ఉన్నట్టుండి ఎత్తితే మళ్లీ దడే. తెగకపోతే తెగకపోనివ్వండి, వచ్చే శనివారం ఎన్నింటికో అనుకుని లేవండి.

అమ్మకి ఈ రాత్రే ఫోన్ చెయ్యండి. "అమ్మా, మేమిద్దరం మాట్లాడుకుంటున్నాం. మీరెవరూ ఇప్పుడు రావద్దు, అవసరమైతే ముందు నీకే చెప్తాను" అనండి. ఆవిడ చిన్నబుచ్చుకుంటుంది. "మా అవసరం తీరిపోయిందిలే" అని ఒక మాట అన్నా అంటుంది. పడండి. రెండు రోజులాగి మళ్లీ చేసి, గోంగూర పచ్చడిలో మిరపకాయలు ముందు వేయించాలా తర్వాతా అని అడగండి. మాటల్లో పెట్టి, మొన్న పాపకి జ్వరమొస్తే ఆయన రెండింటిదాకా మేలుకున్న సంగతి కూడా చెప్పండి.